పరదేశములో కొత్తకాపురము – తోడ్పాటు ఎవరి ధర్మము?

తిరుమలకు పోయిన యాత్రికులు శ్రీనివాసుని సన్నిధికి పోవుటకు ముందుగా, స్వామిపుష్కరిణి గట్టున వెలసియున్న శ్రీవరాహస్వామిని దర్శించుట అనూచానముగా వచ్చుచున్న ఆచారము. నైవేద్యము కూడ మొదట వరాహస్వామికే జరుగును. ఎందుచేతననగా క్షేత్రము ఆయనది; శ్రీనివాసుడు తరువాత వచ్చినవాడు. వైకుంఠమును విడిచి భూలోకమునకు వచ్చిన స్వామి నిలువ నీడలేక పుట్టలో తలదాచుకొనినాడనియు, అక్కడ గాయపడినాడనియు, పిమ్మట వరాహస్వామిని నూరడుగుల చోటు అడిగి పుచ్చుకొనినాడనియు, బదులుగా మొదటి దర్శనము, మొదటి పూజ, మొదటి నైవేద్యము ఆయనకే చెందునట్లు మాట యిచ్చినాడనియు వేంకటాచల మాహాత్మ్య కథ.

ఈ కథలో మనము తరచు గమనింపని విశేషమొకటి కలదు. వరాహస్వామి చోటు మాత్రము ఇచ్చి ఊరకుండలేదు. తన సేవలోనున్న వకుళాదేవిని కూడ శ్రీనివాసునికి తోడుగా ఇచ్చినాడు. ఆ తల్లి గాయమునకు మందు పూసినది, వండి పెట్టినది, తుదకు ఆకాశరాజు ఇంటికి పెండ్లిమాటలకు కూడ తానే పోయినది. సర్వలోకములకు ప్రభువైన స్వామికే కొత్తచోట ఒక మనిషి తోడు కావలసివచ్చినదని మన పెద్దలు కథగా చెప్పి ఉంచినారు. లీలయే కావచ్చును. కాని లీలలు మనకు నేర్పుటకే గదా!

ఈ వ్యాసము వ్రాయుటకు కారణము నేటి మన గృహములలోని ఒక విషయము. ఇప్పుడు తెలుగునాట ఏ అగ్రహారమునకు పోయినను, ఏ వీధిలో విచారించినను, కూతురో కోడలో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో లేని ఇల్లు అరుదు. చదువుకొరకు, ఉద్యోగముకొరకు స్వయముగా పోయినవారి సంగతి వేరు. పెండ్లియై, భర్త ఉద్యోగము అక్కడ ఉన్నందున, ఆయన వెంట పోయినవారి సంగతి వేరు. మొదటివారికి పోయిననాడే ఒక కార్యాలయము, ఒక పని, పలుకరించు నలుగురు మనుషులు ఉందురు. రెండవవారికి భర్త తప్ప మరి ఏమియు ఉండదు. ఆ భర్తయు ఉదయము పోయి సాయంకాలమునకు గాని రాడు. అట్టి స్త్రీకి ఆ దేశములో నిలదొక్కుకొనుటకు తోడ్పడుట ఎవరి ధర్మము? సర్దుకొనుట ఆమె ధర్మమని చెప్పి మనము చేతులు దులుపుకొనవచ్చునా? ఇది నేను శాస్త్రచర్చకై ఎత్తిన ప్రశ్న కాదు. నా ఇంటిలో నేను చేసిన పొరపాటునుండి పుట్టిన ప్రశ్న.

మా రెండవ అమ్మాయి రసాయనశాస్త్రములో ఎం.ఎస్‌సి. చేసి, ఒక కళాశాలలో రెండేండ్లు పాఠములు చెప్పినది. 2013లో వివాహమైనది. అల్లుడుగారు అమెరికాలో ఓహియో రాష్ట్రమున ఒక చిన్న పట్టణములో ఉద్యోగి. సౌమ్యుడు, ఆచారవంతుడు. ఆ కార్తీకమాసములోనే అమ్మాయి బయలుదేరినది. అప్పగింతలనాడు నేను పండితుడను గదా అని, కాళిదాసు శాకుంతలము నాలుగవ అంకములో కణ్వమహర్షి శకుంతలకు చెప్పిన హితమును వివరించి చెప్పినాను. పెద్దలను సేవింపవలెను, భర్త కోపించినను ఎదురు నడువరాదు, సంపదలో గర్వింపరాదు అనునవి ఆ మాటల సారము. అమ్మాయి తలవంచుకొని వినినది. బంధువులందరు నా ప్రసంగమును మెచ్చుకొనినారు.

అటుపిమ్మట ప్రతి ఆదివారము ఫోనులో మాట్లాడుచుండెడివారము. మనకు రాత్రియైనప్పుడు వారికి ఉదయము. ‘‘బాగున్నావా అమ్మా?’’ అని అడిగెడివాడను. ‘‘బాగానే ఉన్నాను నాన్నగారూ’’ అనెడిది. ఆ గొంతులో ఏదో కొరత ఉన్నట్లు తోచిననాడు ఓర్పును గూర్చి ఒక శ్లోకము చెప్పి అర్థము వివరించెడివాడను. అట్లు మూడు నెలలు గడిచినవి. ఒకనాడు మా ఇంటావిడ, ‘‘ఏమండీ, దానికి శ్లోకాలు చెప్పకండి. ఇవాళ ఏం వండుకుందో అడగండి’’ అన్నది. నేను అడుగలేదు, ఆమెయే అడిగినది. అమ్మాయి కొంతసేపు పలుకలేదు. తరువాత, ‘‘ఒక్కదానికోసం వండుకోబుద్ధి కావడం లేదమ్మా. పొద్దున్న ఆయన వెళ్ళిపోయాక సాయంత్రం దాకా నా గొంతు నాకే వినపడదు’’ అని ఏడ్చినది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మూడు నెలలుగా ఆమె ఆకలితో ఉన్నది, నేను ఓర్పును వడ్డించుచున్నాను.

2014 వేసవి సెలవులలో మేమిద్దరము పోయి నలుబది దినములు అక్కడ ఉన్నాము. అప్పటికి మంచు కరగి చెట్లు చిగిరించినవి గాని, అమ్మాయి గడిపిన శీతకాలము ఎట్టిదో అల్లుడుగారు చెప్పగా వింటిని. సాయంకాలము అయిదు గంటలకే చీకటి పడునట. ఇంటినుండి అంగడి రెండు మైళ్ళు. నడచుటకు కాలిబాట లేదు. బస్సు లేదు. అమ్మాయికి కారు నడుపుట రాదు. ఉద్యోగము చేయుటకు చట్టము ఒప్పదు. హెచ్‌-1బి వీసాపై పనిచేయువారి భార్యకుగాని భర్తకుగాని ఇచ్చు హెచ్‌-4 వీసా వారికి నివసించు హక్కును మాత్రమే ఇచ్చునది. సంపాదించు హక్కును ఇచ్చునది కాదు. ఉద్యోగానుమతి లేనివారికి అక్కడి సోషల్ సెక్యూరిటీ సంఖ్య కూడ సాధారణముగా ఇవ్వరు. ఆ సంఖ్య లేనిచో చిన్న పనికి కూడ పది ప్రశ్నలు పుట్టును. ఇక్కడ అరువదిమంది విద్యార్థులు లేచి నిలుచుండి నమస్కరించిన పిల్ల అక్కడ ఏ కాగితము మీద చూచినను ‘‘ఫలానావారి ఆశ్రితురాలు’’ మాత్రమే.

అల్లుడుగారిని తప్పుపట్టలేను. ఆయనకు ఉద్యోగము పోయినచో ఇద్దరికిని దేశములో ఉండు ఆధారమే పోవును. ఆ భయముతో పగలంతయు పనిచేసి అలసి వచ్చెడివాడు. ‘‘మామయ్యగారూ, తనకు ఏ లోటూ రానివ్వలేదు. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు’’ అన్నాడు. ఆ మాట నిజము. అతనికి తెలియలేదు. నాకును తెలియలేదు. మా ఇద్దరికిని ఎవరును నేర్పలేదు.

ఇచ్చట ఒక ఆక్షేపమునకు సమాధానము చెప్పవలసియున్నది. ‘‘మన నాయనమ్మలు, అమ్మమ్మలు ఎనిమిదేండ్లకు, పదేండ్లకు పెండ్లియై అత్తవారింటికి పోలేదా? వారికెవరు తోడ్పడినారు? వారు సర్దుకొనలేదా?’’ అని పెద్దలు అడుగుదురు. నేనును అడిగినవాడనే. కాని ఆలోచించి చూడుడు. మా నాయనమ్మ గోదావరికి ఆవలి గట్టునుండి ఈవలి గట్టునకు వచ్చినది. భాష అదే, పంచాంగము అదే, పొయ్యి అదే, పచ్చడి అదే. నీళ్ళకు పోయినచో నూతి దగ్గర నలుగురు స్త్రీలు. ముగ్గు వేయుటకు వాకిటికి వచ్చినచో ఎదురింటి అవ్వ పలుకరింపు. శ్రావణమాసములో పేరంటములు, ఆషాఢములో పుట్టింటికి ప్రయాణము. ఆమెకు ఎవరును తోడ్పడలేదనుట సరికాదు. ఊరంతయు తోడ్పడినది, అది గాలివలె ఉండుటచే మనకు కనబడలేదు. దుఃఖము ఆమెకును లేకపోలేదు, దానిని మనము అడుగనూ లేదు. సముద్రము దాటిన పిల్లకు ఆ నూయి లేదు, ఆ వాకిలి లేదు. కనబడకుండ జరిగిన సహాయమును అక్కడ కనబడునట్లు, పూనికతో చేయవలసియున్నది.

రెండవ ఆక్షేపము వేదాంతులది. జ్ఞానికి స్వదేశ పరదేశ భేదమేమి? సర్వత్ర నిండియున్న నారాయణుని తలచుకొనువానికి ఒంటరితనమేమి? ఈ మాట పరమసత్యము. కాని ఈ సత్యమును ఎవరు ఎవరికి చెప్పవలెనను వివేకము ఉండవలెను. సమబుద్ధి నా దుఃఖమునకు నేను వేసుకొనవలసిన మందు. ఎదుటివాని దుఃఖమునకు నేను పూనవలసినది దయ. ఎండలో కాలు కాలుచున్నవానికి చెప్పులు ఇవ్వక, శీతోష్ణములు సమములని బోధించుట వేదాంతమును అపహసించుటయే. పరుని దుఃఖమును తన దుఃఖముగా తలచువాడే వైష్ణవుడని పెద్దలు చెప్పినారు. ఆ లక్షణముతో కొలుచుకొనినచో ఆ మూడు నెలలు నేను ఏపాటి వైష్ణవుడనో నాకే తెలిసివచ్చినది.

అమెరికానుండి తిరిగివచ్చిన తరువాత శ్రీమద్రామాయణములోని అయోధ్యాకాండ చివరి సర్గలను మరల పారాయణ చేసితిని. ఎన్నో పర్యాయములు చదివిన భాగమే. ఈసారి వేరుగా కనబడినది. సీతమ్మవారు భర్త వెంట తెలియని దేశమునకు పోయిన గృహిణి. రాజ్యమును, బంధువులను, అలవాటైన సుఖములను విడిచి వచ్చినది. అత్రిమహర్షి ఆశ్రమములో వృద్ధురాలైన అనసూయాదేవి ఆమెను చేరదీసినది. మొదట పతివ్రతా ధర్మమును గూర్చి నాలుగు మాటలు చెప్పినది. అప్పుడు జానకి వినయముతోనే, కాని స్పష్టముగా, ఇవన్నియు నాకు తెలియునని చెప్పినది. పెండ్లినాడు అగ్నిసన్నిధిని తన తల్లి చెప్పిన మాటలు, అడవికి బయలుదేరునాడు అత్తగారు చెప్పిన మాటలు తన హృదయములో చెక్కుచెదరక ఉన్నవని విన్నవించినది.

అప్పుడు అనసూయమ్మ ఏమి చేసినది? అదే హితమును మరియొక విధముగా చెప్పలేదు. సంతోషించి, నీకేమి ప్రియము చేయుదునని అడిగినది. సీతమ్మ చిరునవ్వుతో, మీ దర్శనముతోనే అంతయు అయినదనినది. వద్దనినారు గదాయని ఆ తల్లి ఊరకుండలేదు. వాడని పూలమాలను, వస్త్రములను, ఆభరణములను, మైపూతను ఇచ్చినది. ఆ తరువాత చేసిన పని అన్నిటికంటె గొప్పది. ‘నీ స్వయంవర కథ నీ నోట వినవలెనని ఉన్నది, వివరముగా చెప్పుమమ్మా’ అను భావముతో అడిగినది. అడవిలో అడుగుపెట్టిన కొత్తకోడలు తన పుట్టింటి కథను, నాగేటిచాలులో తాను దొరికిన కథను, విల్లు విరిగిన కథను ఒక ముసలమ్మ దగ్గర కూర్చుండి తీరుబడిగా చెప్పుకొనినది. మరునాడు అక్కడి తాపసులు దారి చెప్పి, అడవిలో ఏ వైపు రాక్షసభయము కలదో హెచ్చరించి పంపినారు.

ఈ ఒక్క ఘట్టములో పరదేశమునకు వచ్చినవారికి చేయవలసిన ఉపకారమంతయు ఉన్నది. ఉపదేశమును చాలించుట, కావలసినది అడుగుట, మొగమాటముతో వద్దనినను అవసరమైనది ఇచ్చుట, వారి కథను వారి నోట వినుట, దారి చూపుట, ప్రమాదము ఎక్కడ ఉన్నదో దాచక చెప్పుట. నేను కణ్వుని ఉపన్యాసమును కంఠస్థము చేసితిని గాని, అనసూయమ్మ నడతను గమనింపలేదు. శాకుంతలములోనే చూడుడు. హితము చెప్పినవారు, వెంట వచ్చినవారు ఎందరో కలరు. దుష్యంతుడు గుర్తింపక త్రోసిపుచ్చిననాడు శార్ఙ్గరవాదులు ఆమెను అక్కడనే విడిచి మరలిపోయిరి. ప్రసవమగువరకు మా ఇంట ఉండవచ్చునని ఆ సభలో చోటు చూపినవాడు రాజపురోహితుడొక్కడే. పురోహిత వృత్తివారు, పండితవృత్తివారు ఆ ఘట్టమును గుర్తుంచుకొనవలెను.

సుందరకాండమునందలి మరియొక విషయము. శింశుపావృక్షముపై కూర్చున్న హనుమంతుడు సీతమ్మతో ఏ భాషలో మాట్లాడవలెనని ఎంత ఆలోచించినాడు! పండితులవలె సంస్కృతము పలికినచో రావణుడనుకొని భయపడునేమోయని తలచి, సామాన్య మానవులు పలుకు మాటలలో, ఆమెకు ఆప్తమైన రామకథతో మొదలుపెట్టినాడు. తన పాండిత్యమును కాక, వినువారి భయమును చూచి భాషను ఎన్నుకొనినాడు. దేశాంతరమున ఒంటరియైన మనిషికి తన ఇంటిభాషలో వినబడు ఒక పలుకు ఎంతటి ఔషధమో ఆ స్వామికి తెలియును.

మా అమ్మాయికి అట్టి పలుకు దొరికినది. మేము అక్కడ ఉండగానే, అరగంట దూరములోనున్న గుంటూరు ప్రాంతపు పెద్దావిడ ఒకరు పరిచయమైనారు. ఆమె ఆ దేశమునకు పోయి ముప్పది ఏండ్లైనది. మా వారు వండిన గోంగూర పప్పు తిని, ‘‘ఏమ్మా, నీకు కారు నేర్పేవాళ్ళు లేరా? మంగళవారం వస్తాను, తయారుగా ఉండు’’ అన్నారు. అన్నమాట ప్రకారము వచ్చినారు. వాడుకలేని బడి ఆవరణలో కారు తిప్పుట నేర్పినారు. అక్కడి గ్రంథాలయమునకు తీసికొనిపోయినారు. ఆ దేశపు ప్రజాగ్రంథాలయములు పుస్తకములు ఇచ్చుటతో ఆగక, ఆంగ్లములో మాట్లాడుట అలవాటు చేయు తరగతులను, పిల్లలకు కథలు చెప్పు సమావేశములను ఉచితముగా నడుపుచుండును. మా అమ్మాయికి ఆంగ్లము వచ్చును గాని, ఆ యాసకు చెవి అలవాటుపడలేదు. రెండు నెలలలో జంకు తీరినది. హెచ్‌-4 వీసాపై ఉన్నవారు చదువుకొనవచ్చునను సంగతి కూడ ఆవిడయే చెప్పినారు. ఈ సంగతి అల్లుడుగారికిని తెలియదు.

ఆవిడకు కృతజ్ఞత చెప్పబోగా, ‘‘నేను వచ్చిన కొత్తలో నాకు ఎవ్వరూ లేరండీ. ఒక ఏడాది గోడలతో మాట్లాడాను. అందుకే’’ అనినారు. అంతకుమించి చెప్పలేదు. ముందు వచ్చినవారు తరువాత వచ్చినవారికి చోటు, తోడు ఇచ్చుట వరాహస్వామి ధర్మమని నాకు అప్పుడు తోచినది. తాను పొందని సహాయమును పరునకు చేయుట మరింత కష్టము, మరింత పుణ్యము.

ఆ పిమ్మటి సంగతి కూడ చెప్పవలెను. 2015 మే నెలనుండి అమెరికా ప్రభుత్వము ఒక నియమము అమలుచేసినది. హెచ్‌-1బి వారి తరఫున శాశ్వత నివాసమునకై యజమానులు వేసిన అర్జీ ఒక ముఖ్యదశను దాటినచో, వారి జీవితభాగస్వామి ఉద్యోగానుమతికి దరఖాస్తు చేసికొనవచ్చును. ఇది హెచ్‌-4 వారందరికిని వర్తించునది కాదు. మా అమ్మాయికి ఆ అవకాశము 2017లో వచ్చినది. ఇప్పుడు ఒక ప్రయోగశాలలో పనిచేయుచున్నది. కాని నేను చెప్పదలచినది ఉద్యోగము వచ్చిన కథ కాదు. రాకముందు గడచిన ఆ నాలుగేండ్లలో ఆమె మనిషిగా నిలబడుట ఎవరివలననో, ఎవరివలన కాదో చెప్పుట.

ఇక గృహస్థులకు నా విన్నపము. పిల్లను పంపునప్పుడు చీరలు, పసుపుకుంకుమలు, ఊరగాయలు కట్టి ఇచ్చుచున్నాము. వానితోపాటు మరికొన్ని ఇవ్వవలసి ఉన్నవి. ఆమె పాస్‌పోర్టు, చదువు పట్టాలు ఆమె చేతిలోనే ఉండవలెను. బ్యాంకు లెక్కలో ఆమె పేరును చేర్చుమని అల్లునికి పెండ్లినాడే మర్యాదగా చెప్పవలెను. కారు నడుపుట నేర్చుకొను అవకాశము ముందే కల్పించవలెను. ఆపద కలిగినప్పుడు అమెరికాలో 911 అను సంఖ్యకు ఫోను చేయవలెనని చెప్పి పంపవలెను. ఇవి చెప్పుట అశుభమని కొందరు భావింతురు. అనసూయాశ్రమములోని తాపసులు రాక్షసులను గూర్చి చెప్పుట అశుభమని తలచలేదు.

ఎందుకనగా అన్ని ఇండ్లలో అల్లుళ్ళు సౌమ్యులుగా ఉండరు. కొట్టువారు, గదిలో పెట్టువారు, కాగితములు దాచువారు కలరు. వీసా భర్త ఉద్యోగమును, వివాహమును అంటిపెట్టుకొని ఉండుటచే, అట్టిచోట స్త్రీ నోరు విప్పుటకు భయపడును. ఈ అవస్థను గుర్తించియే అక్కడి దక్షిణాసియా స్త్రీలు 1985లో న్యూజెర్సీలో ‘మానవి’ అను సంస్థను, 1989లో న్యూయార్కులో ‘సఖి’ అను సంస్థను స్థాపించినారు. సఖి అను ఆ పేరు చూచినప్పుడు నాకు సప్తపది జ్ఞాపకము వచ్చినది. ఏడవ అడుగు సఖ్యమునకే గదా! అగ్నిసాక్షిగా భర్త ఇచ్చిన ఆ మాట తప్పినచోట, పరాయివారు ఆ పేరు పెట్టుకొని దానిని నిలుపవలసివచ్చినది. మన బిడ్డ ఫోనులో ‘‘బాగానే ఉన్నాను’’ అనినప్పుడు ఆ ‘గానే’ అను రెండక్షరములను తల్లిదండ్రులు వినగలగవలెను. ‘‘కష్టమైతే వచ్చేయమ్మా, తలుపు తీసే ఉంటుంది’’ అను మాట పంపునాడే చెప్పవలెను. ఆ మాట చెప్పినందువలన ఏ కాపురమును చెడదు. చెప్పనందువలన చెడిన ప్రాణములు కలవు.

భర్తలకు ఒక మాట. మీరు ముందు పోయినవారు. ఆ దేశపు దారులు, మర్యాదలు, కాగితములు మీకు తెలియును. ఇంటిలో సరకులు నింపుట చోటు ఇచ్చుట మాత్రమే. వారమునకు ఒకనాడైనను ఆమెను మనుషుల మధ్యకు తీసికొనిపొండు. ఆమె చదువును గూర్చి, ఆమె చేయదలచినదానిని గూర్చి అడుగుడు. ఆమె పుట్టింటి కథను వినుడు. భార్య ఉద్యోగము నిమిత్తము ఆమె వెంట పోయిన భర్తలును నేడు కలరు. ఇంటిలో ఖాళీగా కూర్చున్నాడని బంధువులు ఎత్తిపొడుచుటచే వారి బాధ మరింత మూగది. వారికిని ఈ ధర్మమే వర్తించును.

అక్కడ స్థిరపడినవారికి మరొక మాట. ఆ దేశములో మనవారు ఎన్నో ఆలయములు కట్టుకొనినారు. పిట్స్‌బర్గు సమీపమున వేంకటేశ్వరాలయము వెలసి నలుబది ఏండ్లు దాటినది. ఆ ఆలయములలో ఉత్సవములు వైభవముగా జరుగుచున్నవని విని సంతోషించుచున్నాము. ఉత్సవము చూచి పోవునప్పుడు, స్తంభము ప్రక్కన ఒంటరిగా నిలుచున్న కొత్త ముఖము ఏదైన కనబడినచో పలుకరింపుడు. ఊరు, పేరు అడుగుడు. ఇంటికి ఎట్లు పోవుచున్నదో అడుగుడు. అది స్వామికి చేసిన కైంకర్యములో చేరును. అయితే ఆ తోడ్పాటు ఆమెను మన గుంపులోనే కట్టివేయునది కాకూడదు. ఇరుగుపొరుగు ఆ దేశస్థులతో కూడ స్నేహము కలుపుకొని, తన కాళ్ళపై తాను నిలువగలుగునట్లు చేయునది కావలెను. అనసూయమ్మ సీతమ్మను ఆశ్రమములోనే ఉంచుకొనలేదు, సాగనంపినది.

కొత్తగా పోయిన తల్లులకు నేను ఉపదేశము చేయను. ఒకమారు చేసి సిగ్గుపడినవాడను. అడిగి సహాయము పుచ్చుకొనుట చిన్నతనము కాదని మాత్రము చెప్పుదును. శ్రీనివాసుడంతటివాడు నూరడుగుల చోటు అడిగినాడు, వకుళమ్మ చేతి అన్నము తినినాడు. పుచ్చుకొనిన మేలును మరువక, నేటికిని మొదటి నైవేద్యము ఆ వరాహస్వామికే జరిపించుచున్నాడు. మీరును నిలదొక్కుకొనిననాడు, తరువాత వచ్చు పిల్లకు కారు నేర్పుడు. అదియే మీరు చెల్లించు నైవేద్యము.

ఇప్పుడును ప్రతి ఆదివారము ఫోనులో మాట్లాడుచున్నాము. నేను శ్లోకములు చెప్పుట మానలేదు. అమ్మాయియే అడిగి చెప్పించుకొనుచున్నది. కాని ముందుగా ఏమి వండినదో అడుగుచున్నాను. పోయిన ఆదివారము, ‘‘ఇవాళ కొంచెం ఎక్కువ వండాను నాన్నగారూ. కింది ఇంట్లోకి విజయనగరం పిల్ల కొత్తగా వచ్చింది. భోజనానికి పిలిచాను’’ అన్నది.

దేశాంతరములలోనున్న మన బిడ్డలందరికిని చోటును, తోడును ఆ శ్రీనివాసుడు అనుగ్రహించుగాక! వారికి తోడు కాగల మనసును మనకు ప్రసాదించుగాక!